నలభై నిమిషాల మొహం

"ఇదెవరు?" అని అతను మూడోసారి అడిగాడు.

బల్ల మీద అరచెయ్యంత ఫోటో కాగితం పడి ఉంది. అందులో రెండు మొహాలు పక్కపక్కన ఉన్నాయి, రెండూ ఒకే ఆడమనిషివి. కనుబొమల నుంచి పెదవుల దాకానే కనిపిస్తున్నాయి. కళ్ళ మీద అడ్డంగా నల్ల పట్టీ వేసి ఉంది. ఎడమవైపు మొహంలో రెండు బుగ్గల మీదా టీ ఒలికి ఆరిపోయినట్టు మంగు పరుచుకుని ఉంది. కుడివైపు మొహంలో ఆ మంగు కోసం వెతుక్కోవాలి.

ఆదివారం మధ్యాహ్నం రెండు కావస్తోంది. పొద్దున స్టూడియోకి తీసుకెళ్ళిన క్యారేజీ మూత కూడా తియ్యకుండా తిరిగొచ్చింది. గోడకి ఆనుకుని కూర్చున్న అత్తగారు ఏడాదిన్నర మనవరాలి నోటికి అన్నం ముద్ద అందిస్తూ, చెవి మాత్రం ఇటు పెట్టింది.

"నేనే," అంది ఆమె.

అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని అతను అనుకోలేదు. ఇంక ఆగలేదు. మొదటి లేజరు సిట్టింగుకే ఇంట్లో ఎంత రభస జరిగిందో మర్చిపోయావా అన్నాడు. ఇంక ఆ క్లినిక్కు మెట్టెక్కనని పిల్ల మీద ఒట్టేశావు కదా అన్నాడు. పెళ్ళాం మొహాన్ని ఊరందరూ తిరగేసే క్లినిక్కు ఆల్బంలో చూసుకునే రాత తనకెందుకు పట్టిందన్నాడు.

పిల్ల మీద ఒట్టు వెయ్యలేదు. వెళ్ళనని మాత్రం అంది. ఆ తేడా ఇప్పుడు చెప్పినా వినే చెవి ఆ ఇంట్లో లేదు.

"సగం ధరకే చేశారు," అంది. "ఫోటోలు ఆల్బంలో పెట్టుకోనిస్తే మిగతా సిట్టింగులకి సగమే తీసుకుంటామన్నారు. కళ్ళు కనపడవన్నారు. అది కూడా నా జీతంలోంచి ఇచ్చాను. మిమ్మల్ని అడగలేదు."

"అంటే మొహం అద్దెకిచ్చావు."

"అది మీ స్టూడియోకే వస్తుందని నాకేం తెలుసు? ఏ క్లినిక్కు పని చేస్తారో ఎప్పుడైనా చెప్పారా?"

చెప్పలేదు, నిజమే. కంప్యూటరు ముందు కూర్చుని పొద్దస్తమానం మొహాలు తుడవడం అతని పని. మొటిమలు తీసేస్తాడు, కళ్ళ కింద నలుపు తీసేస్తాడు, వంకర పళ్ళు సరిచేస్తాడు. స్టూడియోలో అందరూ అతన్ని బ్రష్షు అని పిలుస్తారు. ఇంటికొచ్చాక ఆ పని ఊసెత్తడు. ఎవరి మొహం ఊసూ ఎత్తడు.

అత్తగారు పిల్ల మూతి తుడిచి, మాట అందుకుంది. కడుపు కూటికేడిస్తే కొప్పు పూలకేడ్చిందట అని మొదలుపెట్టింది. పిల్ల చెప్పులు ఇరుకై వేళ్ళు ముడుచుకుంటోందనీ, వంటింటి కుళాయి మూడు నెలలుగా కారుతోందనీ, తన మోకాలికి పట్టీ కొనమంటే ఇంతవరకూ దిక్కులేదనీ ఏకరువు పెట్టింది. అదే గొలుసో గాజులో చేయించుకుంటానంటే తను నోరెత్తేది కాదట.

"బంగారమైతే అందానికీ ఉంటుంది, ఆపదకీ ఉంటుంది. ఈ లేజరు వెలుతుర్ని ఏ కొట్టువాడు తాకట్టు పట్టుకుంటాడమ్మా?"

ఇలాంటి మాటలకి రోజూ తల వంచుకుని వంటింట్లోకి వెళ్ళిపోయే మనిషే. ఈ రోజు వెళ్ళలేదు.

"పెళ్ళికి ముందు మీ అబ్బాయి నెత్తి మీద నాట్లు వేయించారు కదా అత్తయ్యా. వాటిని ఎక్కడ తాకట్టు పెట్టారు?"

అతని చెయ్యి దానంతట అదే జుట్టు మీదికి వెళ్ళబోయి సగంలో ఆగిపోయింది. ఆ సంగతి ఆమెకి తెలుసని అతనికి పెళ్ళయిన ఈ నాలుగేళ్ళలో తెలియదు.

అత్తగారు మాత్రం తడబడలేదు. "అది వేరు. వాడికి మొలిచింది," అంది.

"నాకూ తగ్గింది."

ఆమె బల్ల మీంచి ఫోటో అందుకుని, కుడివైపు మొహం మీద వేలు పెట్టింది. రెండు సిట్టింగులకే ఇంత తగ్గిందంది. తనకి మొదట నమ్మకం కుదరలేదంది. బాత్రూం అద్దంలో ఏ తేడా కనపడకపోతే బల్బు మసకదనుకుందట. గురువారం క్లినిక్కులో డాక్టరమ్మ ఈ ఫోటో చూపించి, ఫోనుకి పంపాకే ప్రాణం లేచొచ్చిందట. ఇంకొక్క సిట్టింగు అయితే చాలు, పెట్టిన ప్రతి రూపాయికీ ఫలితం దక్కినట్టే. వృథా ఖర్చు అన్నవాళ్ళు ఈ బొమ్మ చూసి మాట్లాడాలి.

అతను నవ్వాడు. సంతోషంగా నవ్వే మనిషి కళ్ళు అలా ఉండవు.

"తగ్గలేదు," అన్నాడు. "నేను తగ్గించాను."

పిల్ల చెంచాతో పళ్ళెం మీద కొడుతోంది. అత్తగారు ఆ చెంచా లాక్కుంది. పిల్ల ఏడవబోయి, ముగ్గురి మొహాలూ చూసి మానేసింది.

అతను స్టూడియోలో కొత్తగా చేరినవాడికి పని నేర్పుతున్నట్టు నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. క్లినిక్కు నుంచి ఫోటోలు కళ్ళకి పట్టీ వేసే వస్తాయి. 'తర్వాత' అని రాసి ఉన్న ఫోటోల మీద, కొంచెం తేలిక చెయ్యమని ఒక ముక్క రాసి ఉంటుంది. పూర్తిగా మాయం చెయ్యకూడదు, చూసేవాళ్ళకి అనుమానం వస్తుంది. ముందు, పక్కనున్న చర్మం రంగు తెచ్చి కలపాలి. ఆ తర్వాత చర్మపు గరుకుని మళ్ళీ పైన వెయ్యాలి, లేకపోతే మైనపు బొమ్మలా ఉంటుంది. మామూలుగా పావుగంట పని. ఈ మొహం మంగు మొండిది. నలభై నిమిషాలు తీసుకుంది.

చెప్తున్నంతసేపూ అతని గొంతులో కోపంతో పాటు ఇంకేదో కూడా ఉంది. పని బాగా కుదిరినవాడి గొంతు అది.

ఆమె పడగ్గదిలోకి వెళ్ళి కిటికీ తలుపులు బార్లా తెరిచింది. చేతి అద్దం పట్టుకుని ఎండలో నిలబడింది.

మంగు ఎక్కడికీ పోలేదు. అంచుల దగ్గర ఎర్రబడి, ముందుకంటే కాస్త ముదిరినట్టు కూడా ఉంది. రెండు నెలలుగా గొడుగు లేకుండా గడప దాటలేదు. పొయ్యి దగ్గర సెగ తగలకూడదంటే దూరంగా నిలబడి వండింది. పిల్ల బుగ్గకి బుగ్గ ఆనించబోయి, మందు అంటుకుంటుందేమోనని మొహం పక్కకి తిప్పుకుంది. అన్ని రోజులు. అద్దం ఉన్నదున్నట్టు చెప్తూనే ఉంది. తనే బల్బుని తిట్టుకుంది.

మళ్ళీ ముందుగదిలోకి వచ్చేసరికి అతను క్యారేజీ విప్పుకుని తింటున్నాడు. గెలిచాననుకున్నాడు కాబోలు, ఆకలి వేసినట్టుంది.

"నలభై నిమిషాలు చూశారు కదా," అంది. "నేనని తెలియలేదా?"

అతను ముద్ద మింగాక చెప్పాడు, కళ్ళకి పట్టీ ఉందని.

"ముక్కుకి లేదు కదా. పెదాలకి లేదు. ఇదిగో, ముక్కు పక్కన ఈ గుంట, చిన్నప్పుడు పొక్కు మానితే మిగిలింది. దీన్ని చూసి కూడా తెలియలేదా?"

"దాన్ని కూడా పూడ్చేశాను."

ఆమె ఫోటో మళ్ళీ చూసింది. ఎడమవైపు గుంట ఉంది. కుడివైపు లేదు. గురువారం నుంచీ ఆ ఫోటోని ఎన్నిసార్లు చూసుకుందో, తన గుంట పోయిందన్నది తనకీ తట్టలేదు. ఆ మాట పైకి అనలేదు.

"మరి ఇవాళ ఎలా తెలిసింది?"

అతని ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగింది. కాళ్ళు చాపుకోబోతున్న అత్తగారు కూడా ఆగింది.

"ఎవరు చెప్పారు?"

స్టూడియోలో కెమెరా పట్టే అతను. ఆల్బం పేజీలు అట్ట కట్టడానికి సర్దుతుంటే కెమెరా అతను పక్కనించి వంగి చూసి, ఇది మీ ఆవిడ కదూ బ్రష్షూ అన్నాడట. కాదన్నాడట ఇతను. మళ్ళీ చూడమన్నాడట. మళ్ళీ కాదన్నాడట. ఈలోపు ప్రింటింగు గదిలోంచి ఇద్దరు వచ్చి చూసి, అవునంటే అవునన్నారట. ఆఖరికి ఎవరో నవ్వారట.

"రెండంటే రెండుసార్లు మన ఇంటికి భోజనానికి వచ్చాడాయన," అంది ఆమె. "ఆయనకి తెలిసింది."

అతను పళ్ళెం పక్కకి తోశాడు. ఇక్కడిదాకా వచ్చిన కోపం వేరు, ఇప్పుడు వచ్చింది వేరు. పరాయి మగాడు తన పెళ్ళాం మొహాన్ని గుంటతో సహా గుర్తుపెట్టుకునేలా ఎందుకు చూశాడో, అలా చూడనిచ్చిన మనిషిని ఏమనాలో తనకి తెలియడం లేదన్నాడు.

"నోరు జారకురా," అంది అత్తగారు. కోడలి వైపు మాట్లాడటం ఆవిడకి అలవాటు లేదు. ఆ ఒక్క మాటా అని, పిల్ల మూతి మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది. అప్పటికే ఒకసారి తుడిచిన మూతి అది.

ఆమెకి ఆ నింద పూర్తిగా చెవికెక్కలేదు. వేరే సంగతి గుర్తొచ్చింది. కుర్చీలో కూర్చుంది.

"ఈ ఫోటోని మా షాపు మేడమ్‌కి పంపాను," అంది.

పిల్ల పుట్టకముందు ఆమె కళ్ళజోళ్ళ షాపులో ముందు కౌంటరులో ఉండేది. ఫ్రేము పెట్టి, చెవుల వెనక కమ్ములు సరిచేసి, అద్దం పట్టుకుని, ఇది మీ మొహానికి నప్పింది, ఇది నప్పలేదు అని చెప్పడం ఆమె పని. వచ్చినవాళ్ళ మొహానికీ ఆమె మొహానికీ మధ్య జానెడు దూరం ఉండేది. కాన్పు తర్వాత తిరిగి వెళ్తే మేడమ్ వెనక గదిలో వేసింది. నువ్వు అద్దం పడితే వాళ్ళు నిన్ను కూడా చూస్తారమ్మా, అది తగ్గాక ముందుకు వద్దువుగాని అంది. కసిరి చెప్పలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది. ఆ గదికి కిటికీ లేదు. పగలంతా అద్దాలు గుడ్డతో తుడిచి, కాగితం చుట్టి, చీటీ అతికించాలి. అక్కడ మాట్లాడే మనిషి ఉండదు. క్లినిక్కు సంగతి చెప్పింది కూడా మేడమే.

లేజరు మొదలయ్యాక ఆ గదిలో మొహానికి గుడ్డ కట్టుకునే పని చేస్తోంది, మేడమ్ ఆ బుగ్గలు చూసి రెండు నెలలైంది. గురువారం సాయంత్రం ఆమె ఫోటో పంపింది. పట్టీ ఉన్నా ఆ బుగ్గలు నావే మేడమ్ అని కింద రాసింది. నిమిషంలో జవాబు వచ్చింది. సోమవారం నుంచి కౌంటరులో నిలబడు, కొత్త పిల్లని వెనక్కి పంపుతాను.

"రేపే సోమవారం," అంది.

అతని మొహం పాలిపోయింది. తన కోసం కాదని ఆమెకి వెంటనే తెలిసింది. మేడమ్‌కి ఏం చెప్తావని అడిగాడు. ఉన్నది చెప్తానంది. ఉన్నది చెప్తే మేడమ్ నేరుగా డాక్టరమ్మకి చెప్తుందన్నాడు. వాళ్ళిద్దరూ ఒక బడిలో చదువుకున్నవాళ్ళు, ఒకరింట్లో తుమ్మితే ఒకరింట్లో వినపడుతుంది. క్లినిక్కు పని పోతే స్టూడియో ఓనరు ముందు తీసేసేది తననే. గుట్టు బయట పెట్టినవాడికి ఈ ఊళ్ళో ఇంకే స్టూడియోవాడూ కుర్చీ వెయ్యడు.

"ఎండకి తిరగబెట్టిందని చెప్పు."

"నాలుగు రోజుల్లోనా?"

"నమ్ముతారు. మంగు గురించి ఏం చెప్పినా నమ్ముతారు."

"నేను అబద్ధం చెప్పి ఆ చీకటి గదిలోకి పోవాలి. మీరు మాత్రం రేపు వెళ్ళి ఇంకొకామె బుగ్గలు తుడవాలి."

"ఆ తుడిచిన డబ్బుతోనే నువ్వు తింటున్నావు."

ఆ సాయంత్రమంతా ఇంట్లో మాటలు పిల్ల మీదుగానే నడిచాయి. మీ నాన్నకి నీళ్ళు కాగాయని చెప్పమ్మా అంటే, నాకు అక్కర్లేదని మీ అమ్మకి చెప్పు అని. ఇంకా మాటలు రాని పిల్ల ఇటూ అటూ చూసి రెండు చేతులూ చాపింది. ఇద్దరిలో ఎవరూ ముందు అందుకోలేదు. అత్తగారు వచ్చి ఎత్తుకుంది.

*

సోమవారం పొద్దున తనే షాపు దగ్గర దింపుతానన్నాడు. పెళ్ళయ్యాక ఎప్పుడూ దింపింది లేదు. పిల్లని కూడా బండి ముందు నిలబెట్టుకున్నాడు. అమ్మకి మోకాలు నొప్పిగా ఉందట, తను కాసేపు ఆడించి ఇంట్లో దింపి వెళ్తాడట. పిల్ల ఎదురుగా ఉంటే ఆమె గొంతు పెంచదని అతని లెక్క. ఆమెకి ఆ లెక్క తెలుసు. బండి మీద పిల్ల తల గాలికి వెనక్కి వాలుతుంటే చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది. దారంతా అతను ఒక్క మాటే అన్నాడు, ఎర్ర లైటు దగ్గర.

"ఎండ అను. అంతే."

షాపులో లైట్లన్నీ వేసి ఉన్నాయి. తెల్ల లైట్లు, నీడ పడని లైట్లు. కొత్తపిల్ల అద్దాల బీరువా తుడుస్తోంది. మేడమ్ బిల్లుల పుస్తకం మూసి తలెత్తింది. నవ్వబోయి ఆపుకుంది. దగ్గరికి రమ్మని వేలితో పిలిచింది.

కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని ఆమె గడ్డం పట్టుకుంది. మొహం ఎడమకి తిప్పింది, కుడికి తిప్పింది. ఫోను తీసి ఆ ఫోటో పక్కన పెట్టుకుని మళ్ళీ చూసింది.

"ఇది నువ్వేనా?"

"నేనే మేడమ్."

"మరి ఇదేంటి?"

ఎండ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఈలోపు మేడమే మాట్లాడింది. తగ్గలేదని చెప్పి ఉంటే ఇంకో నెల ఆగేదాన్నంది. నీ మాట నమ్మి ఈ పిల్లని వెనక్కి వెళ్ళమంటే శనివారమంతా ఏడ్చిందంది. కొత్తపిల్ల తుడవడం ఆపి, మళ్ళీ తుడిచింది.

"మొహం సంగతి అటుంచు. ఇలాంటి ఫోటో చేయించి పంపే మనిషిని కౌంటరులోనే కాదు, వెనక గదిలో అయినా ఎలా పెట్టుకోను?"

ఎండ అన్న మాట ఇప్పుడు చెప్పినా అతకదు. తెల్లారి లేచి చేసే ఆ పని కూడా పోతే, ఇంక ఇంట్లో ప్రతి ముద్దకీ అతని డబ్బుతో తింటోందన్న మాట వినాలి.

"ఫోటో అబద్ధం మేడమ్," అంది. "నేను కాదు."

"ఫోటో దానంతట అది అబద్ధమాడదు. ఎవరు చేశారు?"

ఆమె గాజు తలుపు వైపు చూసింది. అతను ఇంకా వెళ్ళలేదు. ఫుట్‌పాత్ మీద పిల్లని చంకనేసుకుని లోపలికే చూస్తున్నాడు. మేడమ్ చేతిలో ఫోనూ, తన వైపు తిరిగిన ఆమె మొహమూ రెండూ చూశాడు. తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు.

ఈమె భర్తనని చెప్పుకున్నాడు. ఇంట్లో ఎప్పుడూ వినపడని మెత్తని గొంతు. తప్పు మా ఇంటిదే మేడమ్, మన్నించాలి అన్నాడు. ఎవరో తెలిసినవాళ్ళ చేత ఫోనులో దిద్దించుకుందట. కౌంటరు దక్కదేమోనన్న భయం తప్ప ఇంకేమీ కాదట. తను వద్దని ఎంతో చెప్పాడట.

"చిన్నపిల్ల తల్లి. ఈ ఒక్కసారికి వదిలెయ్యండి," అన్నాడు.

అతను చెప్పిన తీరు ఎంత బాగుందంటే, ఆమెకే ఒక్క క్షణం అలా జరిగిందేమో అనిపించింది.

"నిజమేనా?" అని మేడమ్ ఆమెని అడిగింది.

పిల్ల తల మీదుగా అతను ఆమెని చూశాడు. ఆ చూపులో కోపం లేదు. అడుక్కుంటున్నాడు. నాలుగేళ్ళలో అతను ఆమెని ఏదైనా అడిగింది అదే మొదలు.

ఆమె వెళ్ళి అతని ముందు నిలబడి చేతులు చాపింది. పిల్ల వెంటనే ముందుకి వంగింది. అతను వదల్లేదు. పిల్ల మూలగడంతో వదిలాడు. ఆమె పిల్లని చంకలో సర్దుకుంది. మందు అంటుకుంటుందన్న జంకు లేకుండా బుగ్గకి బుగ్గ ఆనించింది.

"డాక్టరమ్మకి ఫోను చెయ్యండి మేడమ్," అంది. "అందరికీ వినపడేలా పెట్టండి. ఈయన ఎదుటే మాట్లాడతాను."

"పిల్ల సంగతి ఆలోచించు," అన్నాడు అతను, పళ్ళ బిగువున.

"ఎత్తుకున్నదాన్ని నేనే కదా. ఆలోచిస్తున్నాను."

మేడమ్ ఒకసారి అతన్ని, ఒకసారి ఆమెని చూసింది. నుదుటి మీది కళ్ళజోడు కిందికి దించుకుని నంబరు నొక్కి, ఫోనుని గాజు బల్ల మీద పెట్టింది. కొత్తపిల్ల చేతిలో గుడ్డ పట్టుకుని నిలబడిపోయింది. అతను తలుపు పిడి మీద చెయ్యి వేశాడు, కానీ తెరవలేదు.

మూడో రింగుకి అవతల ఫోను ఎత్తారు.